గయ్యాళి అత్తకు కంటి దురద

నాకు పెళ్లి కాకముందే అత్తరికం వచ్చింది. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. సింగపూరులో, క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని, సైన్స్ పార్కులో మురుగునీటిని వడకట్టే పొరల మీద పరిశోధన చేస్తున్నాను. ఒక ఆదివారం తెలుగువాళ్ల వనభోజనంలో పులిహోర కోసం బారులు తీరి నిలబడ్డాం. ఎవరో ఒకాయన ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ మెల్లగా ముందుకు దూరిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏమండీ, వెనక్కి వెళ్లండి! మేమంతా ఆకలి లేక నిలబడ్డామనుకున్నారా?"

ఆయన వెనక్కి వెళ్లాడు. ఆయనతోపాటు, న్యాయంగా నిలబడ్డవాళ్లు కూడా ఇద్దరు వెనక్కి వెళ్లారు. నా పక్కన ప్లేటు పట్టుకుని ఉన్న పెద్దాయన ఒకరు మాత్రం నిధి దొరికినట్టు నావైపు చూశారు.

"అమ్మాయ్, ఈ గొంతు నీదేనా? మైకు లేకుండానే?"

ఆయన్ని అందరూ అంకుల్ అనేవాళ్లు. సింగపూరు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. చోవా చూ కాంగ్‌లో కాపురం. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ నాటకం నుంచి కాలేదు. ఏటా ఉగాదికి ఒక హాస్యనాటిక రాసి, దొరికినవాళ్లను పట్టుకుని ఆడిస్తారు. ఆ ఏడాది నాటిక సిద్ధంగా ఉంది, అత్తగారే దొరకలేదు. అలా పులిహోర తినేలోపే నేను గయ్యాళి అత్తనైపోయాను.

కథ చిన్నదే. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అత్తగారు దిగిన రోజే కోడలి వంటిల్లు ఆక్రమిస్తుంది. జంతికల డబ్బాకు తాళం వేస్తుంది. కోడలు కడిగిన బియ్యం మళ్లీ కడుగుతుంది. ఏసీ చలికి శాలువా కప్పుకుని ఇల్లంతా తిరుగుతూ, ఆఖరికి లిఫ్టుతో కూడా తగువు పెట్టుకుంటుంది. చివర్లో ఊరెళ్లిపోయేముందు తాళాలగుత్తి కోడలి చేతిలో పెట్టి రెండు మంచి మాటలు చెబుతుంది. అంతే.

కొడుకు వేషం జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ చేసే ఒక తమ్ముడిది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. కోడలు వేషం ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయిది. బ్యాంకులో ఉద్యోగం. తెలుగు బాగానే మాట్లాడేది గానీ సింగపూరు ఇంగ్లీషు అలవాటు కొద్దీ ప్రతి వాక్యం చివర ఒక "లా" తగిలించకుండా ఉండలేకపోయేది.

ఆదివారం మధ్యాహ్నాలు అంకుల్ వాళ్ల ఫ్లాటులోనే రిహార్సల్. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, సోఫాలు గోడకు జరిపి, అందరికీ టీ, పునుగులు పెట్టి, ఒక మూల కుర్చీలో కూర్చుని స్క్రిప్టు చూసి మాటలు అందించేవారు. ఆ ఇంట్లో ఇంకొకరు కూడా ఉండేవారు. బూడిద రంగు పిల్లి. ఫ్లాట్లలో పిల్లుల్ని పెంచుకోవచ్చని రూలు మారిన వెంటనే ఆంటీ తెచ్చుకున్నారట. బొద్దుగా, గుండ్రంగా, కాళ్లున్న దిండులా ఉండేది. మొదటి రోజే గదిలో ఉన్న అందరినీ ఒకసారి పరికించి చూసి, తిన్నగా వచ్చి నా ఒళ్లో ఎక్కి కూర్చుంది.

"చూశారా, ఎవరి దగ్గరికీ వెళ్లదు. నువ్వంటే దానికి ఎంత ఇష్టమో!" అన్నారు ఆంటీ.

నేను పొంగిపోయాను. మా ఇంట్లో ఎప్పుడూ పిల్లి లేదు. ఒక జంతువు కోరి నన్ను ఎంచుకోవడం అదే మొదటిసారి. డైలాగులు చదువుకుంటున్నంతసేపూ దాని మెడ కింద నిమురుతూనే ఉన్నాను.

తర్వాత లేచి నా మొదటి సీను మొదలుపెట్టాను. పోపుడబ్బా మీద చెయ్యేసిన కోడలిని చూసి అత్తగారు గర్జించాలి.

"ఈ ఇంట్లో నేను బతికుండగా పోపుడబ్బా మీద నీ చెయ్యి పడుతుందా?"

గర్జించాను. గర్జిస్తుండగానే కుడి కంట్లోంచి ఒక చుక్క జారింది. వెనకే ఎడమ కంట్లోంచి మరొకటి. కళ్లలో ఎవరో కందిపొడి జల్లినట్టు ఒకటే దురద. రెండు చేతులతోనూ నులుముకున్నాను. హాయిగా అనిపించింది. ఆ హాయి ఒక్క క్షణమే. తర్వాత దురద రెట్టింపైంది.

అంకుల్ తలపట్టుకున్నారు. "అమ్మా, నువ్వు పోపుడబ్బా గురించి అడుగుతున్నావా, పుట్టెడు దుఃఖం చెప్పుకుంటున్నావా?"

కోడలు వేషం అమ్మాయికి నిజంగానే జాలి కలిగింది. "అంకుల్, నేను ఎదురు చెప్పలేను లా. అక్క ఏడుస్తోంది! పోపుడబ్బా ఇచ్చేద్దాం, సరే?"

"ఇచ్చేస్తే నాటకం అక్కడే అయిపోతుందమ్మా!"

"ఏందక్కా, నిజంగనే ఏడుస్తున్నవా?" అన్నాడు తమ్ముడు. "మస్తు చేస్తున్నవ్ పో. నాకైతే మా అమ్మ యాదికొచ్చింది."

అది పొగడ్తే. కానీ గయ్యాళి అత్తను చూసి ఎవరికీ అమ్మ గుర్తుకు రాకూడదు కదా.

మరుసటి ఆదివారం పరిస్థితి ఇంకా ముదిరింది. తెల్లగుడ్డు ఎర్రబడింది, రెప్పలు బూరెల్లా ఉబ్బాయి. అంకుల్ ఫ్లాటులో గుసగుసలు మొదలయ్యాయి. కండ్లకలకేమో! కండ్లకలక ఉన్నవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకుంటుందని మా ముగ్గురికీ మూడు జిల్లాల అమ్మమ్మలు చిన్నప్పుడే చెప్పి ఉంచారు. బ్యాంకు అమ్మాయి నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. తమ్ముడు నావైపు చూడటమే మానేశాడు.

"ఏమనుకోకక్కా. నాకు అంటిందనుకో, డార్మిటరీల మా రూమంతా పంటది. రేపు పనికెవ్వడూ పోడు."

ఆ రోజు నా కొడుకు తన డైలాగులన్నీ సీలింగు ఫ్యానుకి చెప్పాడు. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత, ఇంట్ల శాంతిగుండనియ్యే" అని రెండు చేతులూ జోడించి ఫ్యానును వేడుకున్నాడు. నల్లద్దాల కోడలు పక్కన నిలబడి, "ఔను అత్తయ్యా" అంటూ గోడకు దణ్ణం పెట్టింది. కళ్లు కారుతూనే నేను పడీపడీ నవ్వాను. అంకుల్ ఒక్కరే నవ్వలేదు.

ఆంటీ వైద్యం మొదలుపెట్టారు. వాళ్ల బ్లాకు కింద నందివర్ధనం చెట్టుంది. గుప్పెడు పూలు ఏరుకొచ్చి, కడిగి, చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, నన్ను సోఫాలో పడుకోబెట్టి కళ్ల మీద పరిచారు. ఎంత చల్లగా ఉందో! ప్రాణం లేచొచ్చింది. ఆ చల్లదనంలో కళ్లు మూసుకుని పడుకున్న నా గుండెల మీదికి మెత్తగా, బరువుగా ఒకటి ఎక్కి, గుర్రుగుర్రుమంటూ పడుకుంది. తోకతో నా బుగ్గ కూడా రాసింది. నేను దాని వీపు మీద చెయ్యి వేసుకుని అలాగే కునుకు తీశాను.

లేచి చూసుకుంటే కళ్లు ఇంకా ఉబ్బాయి.

"పూలు పడలేదేమోనమ్మా నీకు" అన్నారు ఆంటీ పాపం, నొచ్చుకుంటూ.

సోమవారం మందుల షాపులో ఎరుపు తగ్గించే చుక్కలు కొన్నాను. వేసుకున్న కాసేపటికే కళ్లు తెల్లగా ముత్యాల్లా అయ్యాయి. భలే మందు అనుకున్నాను. మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడ్డాయి. మళ్లీ వేశాను. ఇలా వాడుకుంటూనే వారం గడిపాను. చివరికి మందు లేకపోతే మొదటికంటే ఎర్రగా తయారయ్యాయి. ఆఫీసులో మా బాస్ నన్ను పక్కకు పిలిచి, పని ఎక్కువైతే చెప్పమని, కావాలంటే సెలవు తీసుకోమని బుజ్జగించాడు. ఇక లాభం లేదని క్లినిక్‌కు వెళ్లాను.

డాక్టరు పెద్దావిడ. ఆవిడ ఇంగ్లీషులో అడిగిన మొదటి ప్రశ్న: "నొప్పా, దురదా?"

"దురద. పీక్కుపోయేంత దురద."

"ఒక కంటికా, రెండింటికా? పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అంటుకుపోతున్నాయా?"

"రెండింటికీ. పుసులు లేవు. నీళ్లే."

ఆవిడ నా పైరెప్పను దూదిపుల్ల మీద మడిచి తిరగేసి చూశారు. లోపలంతా చిన్న చిన్న పొక్కులున్నాయట. ఇది కండ్లకలక కాదు, ఎలర్జీ అన్నారు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఎవరైనా మీ కళ్లలోకి ఎంతసేపైనా చూడొచ్చు అన్నారు. ఫ్యానుకు దణ్ణం పెట్టిన నా కొడుకు గుర్తొచ్చి నవ్వాపుకున్నాను.

ఆవిడ తీరిగ్గా చెప్పారు. మనకు హాని చెయ్యని వస్తువునే ఒంట్లోని కాపలా వ్యవస్థ శత్రువని పొరబడుతుంది. అది కంటికి తగలగానే రెప్పల లోపలి కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాంతో రక్తనాళాలు ఉబ్బి కన్ను ఎర్రబడుతుంది, దురద, నీళ్లు. నులిమితే ఆ కణాలు ఇంకా చిట్లి మరింత వదులుతాయి. అందుకే నులమకూడదు. ఎరుపు తగ్గించే చుక్కలు ఆ నాళాలను బలవంతంగా బిగించడమే తప్ప జబ్బు జోలికి వెళ్లవు. రోజుల తరబడి వాడితే ఎరుపు తిరగబడుతుంది. ఇక స్టెరాయిడ్ చుక్కలు ఎవరో ఇచ్చారని సొంతంగా వేసుకుంటే చూపుకే ముప్పు.

"సరే, దేనివల్ల వచ్చిందో పట్టుకోవాలి. పరుపుల దుమ్ములో ఉండే పురుగులు, బూజు, పూల పుప్పొడి, కాటుక, జంతువులు... ఏ రోజు ఎక్కువగా ఉంటోంది?"

"ఆదివారం. బుధవారానికి దురద తగ్గుతుంది."

"ఆదివారం ఎక్కడికి వెళతారు?"

"నాటకం రిహార్సల్‌కి."

"ఆ ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉందా?"

నేను నా ఒళ్లోకి చూసుకున్నాను. నా నల్ల ప్యాంటు మీద, ఉతికినా వదలని బూడిద వెంట్రుక ఒకటి నాకే కనిపించింది. డాక్టరు కూడా దాన్నే చూస్తున్నారు.

"ఒళ్లో కూర్చుంటుందా?"

"గుండెల మీద కూడా" అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వారు. పిల్లి తన ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉండే పదార్థం వెంట్రుకలకు అంటుకుని, ఎండి, కంటికి కనబడని ధూళిగా లేస్తుంది. బట్టలకు పట్టుకుంటే నెలల తరబడి వదలదు. అంతకుముందెప్పుడూ లేకపోయినా ఏ వయసులోనైనా మొదలు కావచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకునేందుకు ఎలర్జీ చుక్కలు రాశారు. వాటితోపాటు ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడుకునే కృత్రిమ కన్నీళ్లు. దురద పుట్టినప్పుడల్లా చల్లటి తడిగుడ్డ. నేను రోజూ పెట్టుకునే కాంటాక్టు లెన్సులు కొన్నాళ్లు బంద్. పిల్లిని ముట్టుకుంటే చేతులు కడుక్కునేదాకా కళ్ల దగ్గరికి తీసుకెళ్లకూడదు.

ఇప్పుడీ సంగతి ఆంటీకి చెప్పడమెలా? మరుసటి ఆదివారం పైకి వెళ్లకుండా లిఫ్టు దగ్గరే నిలబడి ఫోను చేసి, ఆంటీని కిందికి రమ్మన్నాను.

"ఆంటీ, ఒక మాట. మీరు బాధపడకూడదు. పిల్లి..."

"అయ్యో, పిల్లికేమైంది?"

"పిల్లికేం కాలేదాంటీ. పిల్లివల్ల నాకైంది."

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆంటీ ముఖం చిన్నబోయింది. "ఇంతమందిలో నీ ఒళ్లోకే వస్తుంది కదమ్మా. నువ్వంటే దానికి ప్రాణం."

"నాకూ ప్రాణమే ఆంటీ. నా కళ్లకే ఇష్టం లేదు."

ఆ మాటకు ఆంటీ ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో నా గుండెలోని బరువంతా దిగిపోయింది. అరగంటలో అంకుల్ ఫోన్ల మీద ఫోన్లు చేసి, దగ్గర్లోని కమ్యూనిటీ క్లబ్బులో ఒక గది బుక్ చేశారు. రిహార్సల్ అక్కడికి మారింది.

అక్కడ పిల్లి లేదు, సోఫా లేదు, ప్లాస్టిక్ కుర్చీలే. నేను చుక్కలు వేసుకుంటున్నాను. కళ్లు తేటగా ఉన్నాయి. అంటువ్యాధి కాదని డాక్టరే చెప్పిందన్నాక తమ్ముడు ఫ్యానును వదిలి నా ముఖంలోకి చూడటం మొదలుపెట్టాడు. లెన్సులు మానేసి కళ్లద్దాలు పెట్టుకోవడం కూడా కలిసొచ్చింది. వాటిని ముక్కు చివరికి జార్చి పైనుంచి చూస్తే బ్యాంకు అమ్మాయి నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసేది.

"ఇదీ! ఇదీ నాకు కావలసిన అత్తగారు!" అంకుల్ చేతులు రుద్దుకున్నారు.

తర్వాత వేషాలు వేసుకుని చేసే రిహార్సల్ వచ్చింది. ఆంటీ ఒక పెద్ద వెదురుబుట్టలో సామానంతా తెచ్చారు. తాళాలగుత్తి, పోపుడబ్బా, కవరులో పెట్టిన నా జరీ అంచు చీర, అత్తగారి మెరూన్ శాలువా. తలకు పౌడరు రాసి నెరిసిన జుట్టు చేశారు. శాలువా కప్పుకుని, మెడ చుట్టూ ఒక చుట్టు తిప్పి, రంగం మీదికి వచ్చి నోరు తెరిచాను.

"ఈ ఇంట్లో నేను బతికుండగా..."

కుడి కంట్లోంచి చుక్క జారింది.

అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇక్కడ పిల్లి లేదే!"

అందరం కుర్చీల కింద వెతికాం. నిజంగానే వెతికాం. తమ్ముడు తెర వెనక్కి పోయి, "మ్యావ్ మ్యావ్" అని పిలిచి కూడా చూశాడు. "ఈడ ఏ పిల్లీ లేదక్కా." తలకు పూసిన పౌడరు వల్లేమోనని కడిగించారు. కాటుకేమోనని తుడిపించారు. నీళ్లు ఆగలేదు. బ్యాంకు అమ్మాయి అప్పుడే నన్ను ఓదార్చే మూడ్‌లోకి వచ్చేసింది.

ఆంటీ నా దగ్గరికొచ్చి, శాలువా కొంగు పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పారు. చదివే అద్దాలు పెట్టుకుని చూశారు. రెండు వేళ్లతో ఒక బూడిద వెంట్రుక లాగారు. ఇంకొకటి. ఇంకొకటి. మెరూన్ ఊలు నిండా అల్లుకుపోయి ఉన్నాయి.

"అవునర్రా, ఈ బుట్ట నెల్నాళ్లుగా మా మంచం పక్కనే ఉంది" అన్నారు నోటి మీద చెయ్యేసుకుని. "మూత లేదు."

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. నా ఒళ్లు దొరకని రోజుల్లో అది నా శాలువాలో పడుకుంటోందన్నమాట.

ఆంటీ శాలువా విప్పించి, ప్లాస్టిక్ సంచీలో కట్టి పట్టుకెళ్లారు. నేను ముఖం, చేతులు కడుక్కుని, చల్లటి నీళ్లలో తడిపిన చేతిరుమాలు కళ్ల మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాక దురద దిగింది. ఊలుకు పట్టినది ఒక పట్టాన వదలదన్న డాక్టరు మాట చెప్పాను. ఆ వారంలోనే ఆంటీ మార్కెట్టుకు వెళ్లి అదే రంగులో కొత్త నూలు శాలువా కొన్నారు. దాన్ని తీసుకొచ్చి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను క్లెమెంటిలో నా గదిలోనే ఉంచుకోమన్నారు. పాత శాలువాను పిల్లికే ఇచ్చేశారు.

చివరి రిహార్సల్లో నా కళ్లు ఎండాకాలం చెరువులా పొడిగా ఉన్నాయి. గర్జిస్తే కమ్యూనిటీ క్లబ్బు కాపలాదారు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. తమ్ముడు డైలాగు మరిచిపోయి, "అక్కా, జర భయమైతాంది" అన్నాడు. అంతా బాగుందనుకుంటుండగా ఆఖరి సీను దగ్గర అంకుల్ మళ్లీ ఆపారు.

"తాళాలు కోడలి చేతిలో పెడుతున్నావు కదమ్మా. ఇక్కడ మాత్రం... కాస్త కళ్లు చెమర్చాలి."

"ఇప్పుడా అంకుల్?"

ప్రయత్నించాను. రాలేదు. కష్టాలన్నీ గుర్తుచేసుకున్నాను. రాలేదు. తమ్ముడు గంభీరంగా ముఖం పెట్టి, "అంకుల్, పోయి పిల్లిని తెద్దునా?" అన్నాడు. ఆంటీ ఆ మాటకు స్క్రిప్టు కింద పడేసుకుని నవ్వారు.

నాటిక రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. యార్డు నుంచి తమ్ముడి స్నేహితులు రెండు వరుసలు ఆక్రమించి, వాడు రంగం మీదికి రాగానే ఈలలు వేశారు. నేను పొద్దున ఒకసారి చుక్కలు వేసుకుని, మళ్లీ కళ్ల జోలికి పోలేదు. పోపుడబ్బా సీనులో నేను అద్దాలు జార్చి చూడగానే ముందు వరుసలో ఒక పెద్దావిడ "అచ్చం మా అత్తే!" అని పైకే అనేసింది. ఆ నవ్వులు సద్దుమణిగేదాకా మేం ముగ్గురం బొమ్మల్లా నిలబడాల్సి వచ్చింది.

ఆఖరి సీను. తాళాలగుత్తి కోడలి చేతిలో పెట్టాను. కోడలు, "అత్తయ్యా, మీరు లేని ఇల్లు నాకు వద్దు" అనాలి. ఆ అమ్మాయి నోరు తెరిచింది. మాట మరిచిపోయింది. ఒక్క క్షణం బిక్కముఖం వేసి, నా రెండు చేతులూ పట్టుకుని, మనసులో ఉన్నది అనేసింది.

"అత్తయ్యా, డోంట్ గో లా!"

హాలు బద్దలైంది. నేను నవ్వు ఆపుకుందామని చూశాను. పొట్టలోంచి తన్నుకొచ్చింది. కోడల్ని కౌగిలించుకుని, ఆమె భుజం మీద ముఖం దాచుకుని నవ్వీ నవ్వీ, కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. దూరం నుంచి చూసేవాళ్లకు అత్తాకోడళ్లు వెక్కివెక్కి ఏడుస్తున్నట్టే ఉందట. తెర పడ్డాక అంకుల్ పరుగెత్తుకొచ్చి, "అద్భుతం! ఎలా తెప్పించావమ్మా?" అని అడిగారు. ఒక్క పిసరు దురద కూడా లేని కన్నీళ్లవి. ఎంత హాయిగా ఉన్నాయో.

ఇప్పటికీ నెలకోసారైనా ఆంటీ వాళ్లింటికి వెళతాను. బయలుదేరే ముందు చుక్కలు వేసుకుంటాను. ఆంటీ నాకోసం ఒక చెక్కకుర్చీ ప్రత్యేకంగా పెట్టి, పిల్లిని పడకగదిలో ఉంచుతారు. అది తలుపు వెనక నుంచి నన్ను తిడుతూనే ఉంటుంది. వెళ్లేముందు తలుపు సందులోంచి దాని ముక్కు మీద ఒక వేలుతో రాసి, సబ్బుతో చేతులు కడుక్కుని వస్తాను.

ఆ నాటిక రోజు సాయంత్రం మాత్రం అందరం తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో తిని, ఎవరి దారిన వాళ్లం బయలుదేరాం. నేను వేషం పూర్తిగా తీయలేదు. చీర అలాగే ఉంది, తల నిండా తెల్లటి పౌడరు. రైలు కిక్కిరిసి ఉంది. ఎక్కగానే, పెద్దవాళ్ల కోసం ఉంచే సీట్లో కూర్చున్న ఒకాయన గబుక్కున లేచాడు. నాకంటే కనీసం పదేళ్లు పెద్దవాడే.

"ఆంటీ, సిట్ లా, సిట్."

ఒద్దందామనుకున్నాను. కాళ్లు లాగుతున్నాయి. రెండు గంటలు గర్జించి గర్జించి గొంతు కూడా పోయింది. అద్దాలు ముక్కు చివరికి జార్చి, ఆయన్ని ఆశీర్వదిస్తున్నట్టు తలూపి, దర్జాగా కూర్చున్నాను. క్లెమెంటి దాకా.